పాపమునకు వారసులు

చేసినవాడు గతించినంతనే అతడు చేసిన పాపము కూడ గతించునా, లేక ఇల్లును పొలమును చేతులు మారినట్లే అదియు తరమునుండి తరమునకు సంక్రమించుచు సజీవముగా నుండునా అను ప్రశ్న, పండితులు తీరికవేళ చర్చించి మరచిపోదగినది కాదు. పాలకులకును ప్రజలకును, ఒక దేశమునకును మరియొక దేశమునకును, బ్రతికియున్నవారికిని మరణించినవారికిని నడుమ నున్న ఋణానుబంధమంతయు ఆ ప్రశ్నకు మనమిచ్చు సమాధానముపై ఆధారపడియున్నది. పుదుచ్చేరి పట్టణమున నివసించువారు ఆ సమాధానమును చిరకాలము వాయిదా వేయజాలరు. ఏలయన, ఇచ్చట ఆ ప్రశ్న వీధుల పేళ్లలోనే వ్రాయబడియున్నది.

సముద్రతీరమున, పూర్వము తెల్లవారి పట్టణమని వ్యవహరింపబడిన భాగమున, గోడలపై అమర్చిన నీలిపలకలను చదువుచు నడచువానికి ఒకచోట డ్యూమా పేరును, మరియొకచోట మహే ద లాబూర్దొనే పేరును కనబడును. డ్యూమా 1735లో పుదుచ్చేరికి గవర్నరుగా వచ్చుటకు పూర్వము హిందూమహాసముద్రములోని బూర్బోన్ దీవికి, అనగా నేటి రీయూనియన్‌కు, గవర్నరుగా నుండినవాడు. లాబూర్దొనే ఆ సంవత్సరము నుండియే ఆ దీవికిని, నేడు మారిషస్ అని పిలువబడు దీవికిని పాలకుడై, పోర్ట్ లూయీ పట్టణ నిర్మాణమునకు ఈ తీరమునుండి చేతిపనివారిని రప్పించినవాడు. ఇక్కడినుండి ఆ దీవులకు సాగిన ఓడలు నీలిబట్టలను మాత్రమే మోయలేదు. మనుష్యులను కూడ మోసినవి. వారిలో కొందరు కూలికి కుదిరిన పనివారు. మరి కొందరు వెలకు కొనబడిన బానిసలు. పాలకుల పేళ్లు పలకలపై నిలిచినవి. అమ్ముడుపోయినవారి పేళ్లు ఈ వీధులలో ఎచ్చటను కానరావు.

ఈ వ్యాపారము చాటుమాటుగా జరిగినది కనుక ఆధారములు లేవని చెప్పుటకు వీలులేదు. పుదుచ్చేరి గవర్నరు డ్యూప్లేకు దుబాసియైన ఆనందరంగ పిళ్ల తెలుగువారికి అపరిచితుడు కాడు; కస్తూరి రంగకవి రచించిన ఆనందరంగరాట్ఛందము అను లక్షణగ్రంథమునకు కృతిభర్త ఆయనయే. 1736 మొదలు 1761 వరకు ఆయన తమిళమున వ్రాసికొన్న దినచర్యలో, 1743 నాటి వృత్తాంతములలో, అమాయకులను మాయమాటలతో పట్టి, తలలు గొరిగించి, నల్లని గుడ్డలు కట్టబెట్టి, సంకెలలు తగిలించి, ఓడలకు అమ్ముటకై దాచియుంచిన ముఠా కథ యొకటి నేటికిని చదువవచ్చును. అది కవి కల్పన కాదు, శత్రువులు వేసిన నింద కాదు. ఆ ప్రభుత్వమునకే ఆంతరంగికుడైనవాడు తన కొరకు తాను వ్రాసికొన్న లెక్క.

ఈ కథలో తెలుగువారి పాలు స్వల్పము కాదు. కొనబడిన బానిసల స్థానమున ఒడంబడికపై కూలీలను తీసికొనిపోవు పద్ధతిని రీయూనియన్ తోటల యజమానులు 1828, 1829 సంవత్సరములలో మొట్టమొదట పరీక్షించి చూచినది గోదావరి పాయ యొడ్డున నున్న యానాము రేవునుండియే. అట్లు పోయినవారిని ఫ్రెంచి కాగితములు తెలింగాలని వ్యవహరించినవి. ఆ ప్రయోగము కొలది సంవత్సరములలోనే విఫలమైనది. కాని 1848లో ఫ్రాన్సు తన వలసలన్నిటను బానిసత్వమును రద్దుచేసి, ఆ డిసెంబరు 20వ తేదీన రీయూనియన్ దీవిలో అరువదివేలకు పైబడిన బానిసలకు స్వేచ్ఛను ప్రకటించినప్పుడు, చెరకు తోటలకు చేతులు కావలసివచ్చినవి. ఆ చేతులను సమకూర్చుటకు పుదుచ్చేరి వర్తకులు వలసల సంఘమును స్థాపించిరి. పుదుచ్చేరి, కారైకాల్ మొదలగు రేవులనుండి ఐదేండ్ల ఒడంబడికలపై ఓడలెక్కినవారిలో, ఆ శతాబ్దమున రీయూనియన్ చేరినవారు లక్షకు పైబడిరి. 1853లో ఓరేలీ యను ఓడ మార్టినీక్ దీవికి చేరినది మొదలుకొని సుమారు ఇరువదియైదువేల మంది అచ్చటికిని, సుమారు నలుబదిరెండువేల మంది గ్వాడెలూప్ దీవికిని కొనిపోబడిరి.

ఇచ్చట ఒక్క విషయమును నిలిచి ఆలోచింపవలసియున్నది. బానిసత్వము రద్దయిన మరుసటి సంవత్సరము, 1849లో, ఫ్రెంచి ప్రభుత్వము నష్టపరిహారముగా సుమారు 12 కోట్ల 60 లక్షల ఫ్రాంకులు నిర్ణయించినది. ఆ పరిహారము తరతరములుగా కూలి లేక పాటుపడినవారికి కాదు. వారిని కొనియుంచుకొన్న యజమానులకు. ధర్మశాస్త్రపరిభాషలో చెప్పవలెనన్న, దొంగసొత్తు పట్టువడినప్పుడు సొత్తు గలవానిని విడిచి, దొంగకు నష్టము వచ్చినదని వానికే ధనమిచ్చి పంపిన తీర్పు అది. మన స్మృతులు ఇందుకు సరిగా విరుద్ధమైన మార్గమును విధించినవి. చోరులు హరించిన ధనమును రాజు వెదకి సొంతదారునకు ఇప్పింపవలెననియు, ఇప్పింపని రాజు ఆ పాపమును తానే పొందుననియు యాజ్ఞవల్క్యుని మతము.

ఒడంబడిక యను మాట స్వేచ్ఛను సూచించును. కాని చదువురానివాడు వ్రేలిముద్ర వేసిన కాగితము, తిరుగుప్రయాణమునకు దారి లేని దీవి, కూలి నిలిపివేయుటకును గడువు పొడిగించుటకును యజమాని చేతనున్న సహస్రోపాయములు, ఇవి ఏకమైనప్పుడు ఆ స్వేచ్ఛ ఏమగునో ఆ కాలపు ప్రభుత్వములకే తెలియును. 1860, 1861 సంవత్సరములలో ఆంగ్ల, ఫ్రెంచి ప్రభుత్వములు చేసికొన్న ఒడంబడికల ననుసరించి ఆంగ్లేయ భారతమునుండి కూలీలను కొనిపోవుటకు అనుమతి లభించినది; వారి రక్షణ భారము ఆంగ్ల కాన్సలుపై నుంచబడినది. ఫిర్యాదులు పెరుగగా 1877లో ఆంగ్లేయుల పక్షమున గోల్డ్‌స్మిడ్, ఫ్రెంచివారి పక్షమున మియో సభ్యులుగా సంయుక్త విచారణ సంఘము రీయూనియన్ దీవికి వెళ్లినది. తదుపరి 1882లో ఆ దీవికి వలస నిలిపివేయబడినది. విచారణ అనునది నేటి మనుష్యులు కొత్తగా కనిపెట్టిన కోరిక కాదనుటకు ఇది నిదర్శనము. నాడు విచారించినవి రెండు సామ్రాజ్యములు; ఎవరిని గూర్చి విచారణ జరిగినదో ఆ ప్రజలకు ఆ సభలో పీట లేదు. ఆనాడు మొదలుపెట్టి సగములో విడిచిన పనిని, పీట గల ప్రజలుగా నేడు పూర్తిచేయుమని కోరుట అనుచితము కానేరదు.

ఇందుకు చెప్పబడు ఆక్షేపణలలో మొదటిది గతజలసేతుబంధన మేల అనునది. బాధించినవారును బాధితులును మట్టిలో కలిసిపోయిన పిమ్మట విచారించి ఎవరిని శిక్షింతురు, ఎవరిని ఓదార్తురు అని ప్రాజ్ఞులే ప్రశ్నింతురు. దీనికి తోడుగా మన నాలుకపై సులభముగా నాడు మరియొక మాట కలదు: అది వారి కర్మ. ఈ రెండవ మాటను నేను మిక్కిలి బాధతో విందును. ఏలయన, మానవునకు బాధ్యతను నేర్పుటకై పుట్టిన సిద్ధాంతమును బాధ్యతను త్రోసిపుచ్చుటకు వాడుకొనుట దానిని అవమానించుటయే. కర్మసిద్ధాంతము చేసినవానితో నీవు చేసితివని చెప్పును. పడినవానిని చూచుచున్న మనతో మీరు ఊరకుండుడని ఎన్నడును చెప్పలేదు.

మహాభారతమున ఆదిపర్వములోని మాండవ్యుని కథను ఈ సందర్భమున మరల చదువవలసియున్నది. మౌనవ్రతమున నున్న ఆ మహర్షి ఆశ్రమములో దొంగలు సొమ్ముతో దాగిరి. రాజభటులు దొంగలతోపాటు మునిని కూడ పట్టుకొనిపోయిరి. రాజు విచారింపకయే కొరత వేయించెను. తపోబలమున ప్రాణము నిలిచినది. సత్యము తెలిసిన రాజు పరుగున వచ్చి కాళ్లపైబడి తన తప్పు నొప్పుకొనెను. శూలము ఊడిరాక, దానిని కోయవలసివచ్చినది; మొన లోపలనే నిలిచిపోయినది. ఆ మొనతోనే తిరుగుచు మాండవ్యుడు యమధర్మరాజు సభకు పోయి, ఏ పాపమునకు నాకీ శిక్ష యని నిలదీసెను. చిన్ననాడు పురుగులను పుల్లతో గ్రుచ్చితివని యముడు చెప్పగా, అజ్ఞానము గల బాల్యమునందలి చేష్టకు ఇంతటి దండనము అధర్మమని తీర్పుదిద్ది, పదునాలుగేండ్లలోపు వయసువారు చేసినది పాపముగా లెక్కింపరాదని కట్టడిచేసి, యముని శపించెను. ఆ శాపముననే యముడు విదురుడై జన్మించెను.

తన బాధ తన కర్మఫలమే కావచ్చునని నమ్మిన యుగములో కూడ, ఆ కర్మ యేదియో చూపుమని అడుగు హక్కు బాధితునకు కలదని ఈ కథ చాటుచున్నది. సాక్షాత్తు ధర్మదేవత సభకే ఆ ప్రశ్ననుండి మినహాయింపు లేనప్పుడు, పారిస్‌లోనో ఢిల్లీలోనో కొలువుదీరిన ప్రభుత్వములకు మినహాయింపు ఎక్కడిది? మరియు ఆ విచారణ నిష్ఫలము కాలేదు. గడచిన బాధ తొలగకున్నను, రాబోవు బాలురందరిని కాపాడు శాసనము పుట్టినది. గడచిన నీటికి కట్ట కట్టలేమన్నది నిజమే. కాని ఏరు ఎచ్చట గట్టు తెంచుకొన్నదో ఎరుగనివాడు రాబోవు వరదకును కట్ట కట్టలేడు. నేటికిని గోదావరి జిల్లాలనుండియు, తెలంగాణ పల్లెలనుండియు గల్ఫు దేశములకు పోవు కూలీలు పాసుపోర్టులు యజమానులకు అప్పగించి, ఏజెంట్ల మాటలకు మోసపోవుచున్న సంగతి ఎరిగినవారెవ్వరును ఆ నీరు పూర్తిగా పారిపోయినదని చెప్పజాలరు.

రెండవ ఆక్షేపణ దీనికంటె బలవత్తరమైనది. నేటి ఫ్రెంచి పౌరుడు ఏ కూలీని కొట్టలేదు. నాటి ఫ్రెంచి వర్తక కంపెనీ లేదు, రాజులు లేరు, సామ్రాజ్యము లేదు. చేయనివానిని అడుగుట న్యాయమా? వ్యక్తుల విషయమున ఇది న్యాయము కాదని నిస్సంకోచముగా ఒప్పుకొనవలెను. కాని రాజ్యము వ్యక్తి కాదు. స్వామి, అమాత్యుడు, జనపదము, దుర్గము, కోశము, దండము, మిత్రుడు అను సప్తాంగములలో స్వామి మారినను తక్కిన అంగములు నిలిచియుండునని మన నీతిశాస్త్రకారులు ఎరుగుదురు. ఫ్రెంచి రాజ్యమే ఈ సత్యమును పుదుచ్చేరిలో ప్రతిదినము ఆచరణమున అంగీకరించుచున్నది. వలసకాలమున తన సైన్యములో పనిచేసినవారికిని, వారి కుటుంబములకును అది ఇచ్చట పింఛనులు చెల్లించుచున్నది. మొదటి ప్రపంచయుద్ధమున తన పక్షమున పోరాడి మరణించిన ఫ్రెంచిండియా సైనికులకై గూబేర్ అవెన్యూలో కట్టిన స్మారకమును జూలై 14వ తేదీన దీపములతో అలంకరించి, పుష్పగుచ్ఛములుంచుచున్నది. అది ఉచితమైన కృతజ్ఞత. అయితే తన కొరకు యుద్ధభూమిలో మరణించినవారికి వారసత్వముగా కృతజ్ఞత చెల్లింపగల రాజ్యము, తన చెరకు తోటలలో మరణించినవారి విషయమున వారసత్వమును కాదనుట ఎట్లు? గౌరవము సంక్రమించిన దారిననే ఋణమును సంక్రమించును.

రిక్థమును, అనగా వారసత్వపు ఆస్తిని, గైకొన్నవాడే ఋణమును తీర్పవలెనని యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారకాండములో నియమము కలదు. తండ్రి మద్యమునకును జూదమునకును చేసిన అప్పును కుమారుడు తీర్పనక్కరలేదని అదే స్మృతి మినహాయింపు నిచ్చుచున్నది గాని, ఇది వ్యసనములో కరగిపోయిన ధనము కాదు. చక్కెరయై, సుంకమై, కోశమునకు చేరిన ధనము. మరి ఇదే నియమము మనవైపు కూడ తిరుగును. 1956 మే 28న సంతకములు పడి, 1962 ఆగస్టు 16న అమలులోనికి వచ్చిన సంధిచేత పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాములతోపాటు, ఆ ప్రాంతముల ఫ్రెంచి పరిపాలననుండి ఏర్పడిన హక్కులకును బాధ్యతలకును భారతప్రభుత్వము ఉత్తరాధికారియైనది. భూమిని గైకొన్న మన ప్రభుత్వము, ఆ భూమినుండి పోయిన బిడ్డల గతిని గూర్చి అడుగవలసిన కర్తవ్యమును కూడ గైకొన్నదనియే నా విశ్వాసము.

మూడవ ఆక్షేపణను మనవారు బయటికి చెప్పరు, మనసులో నుంచుకొందురు. లోతుగా త్రవ్విన మనవారి చేతులును బయటపడునేమో యను భయము అది. ఆ భయము నిష్కారణము కాదు. ఊరూరు తిరిగి ఆశలు చూపినది మన మేస్త్రీలు. తల కింత యని రొక్కము పుచ్చుకొన్నది మన తరగరులు. పాలేరుతనమున కట్టుబడి, కులముచేత ఊరి వెలుపలకు నెట్టబడి, కరవు వచ్చినప్పుడు గంజికైన దారిలేక, ఓడయే మేలని ఎక్కినవారిని ఆ స్థితికి తెచ్చినది మన గ్రామములు. అధర్మము జరిగినప్పుడు దాని పాపమున ఒక పాదము కర్తకును, ఒక పాదము సాక్షికిని, ఒక పాదము సభలోనివారికిని, ఒక పాదము రాజునకును చెందునని మనుస్మృతి విభజించినది. ఈ విభాగమును ఇచ్చట అన్వయింపుడు: కర్తలు తోటల యజమానులును ఓడల యధిపతులును, సాక్షులు మేస్త్రీలును, చూచి ఊరకున్న మన పెద్దలును, సభ్యులు ఒడంబడికలు వ్రాసికొన్న ఆంగ్ల, ఫ్రెంచి మంత్రాంగములు, రాజు ఫ్రెంచి రాజ్యము. తిలాపాపము తలా పిడికెడు అన్న మన సామెత పాపమును పంచి పలుచన చేసికొని తప్పించుకొనువారి పట్ల పుట్టినది. విచారణ దానికి విరుద్ధముగా ఎవరి పిడికిట ఎంత యున్నదో విప్పి చూపును. మన పిడికిలి మూసికొని పరుల పిడికిలి విప్పుమనుట ధర్మము కాదు గనుక, మనము కోరు విచారణ సంయుక్త విచారణయే కావలెను.

విచారణ యనగా పగ తీర్చుకొనుట యని శంకించువారికి రెండు మతముల మాటను జ్ఞప్తి చేయుదును. పాపి పాపమునుండి విడుదల పొందు ఉపాయములను చెప్పుచు మనువు మొదట పేర్కొన్నది ఖ్యాపనమును, అనగా చేసినదానిని నోరార వెల్లడించుటను. పశ్చాత్తాపమును తపస్సును దానమును ఆ పిమ్మటివి. ఈ పట్టణమున దేవాలయ గోపురముల సరసనే నిలిచిన కతోలిక దేవాలయములలోని సంప్రదాయమును భిన్నము కాదు. ఘోరపాపములను వాటి స్వభావముతోను సంఖ్యతోను విడివిడిగా చెప్పుకొననిదే పాపోచ్చారణ సంపూర్ణము కాదని ట్రెంట్ మహాసభ పదునారవ శతాబ్దముననే నిర్ణయించినది. 1992లో రెండవ జాన్ పాల్ పోపు సెనెగల్ తీరమున గోరే దీవిలో నిలిచి బానిసవ్యాపారమునకై క్షమాపణ వేడినది ఆ భావముతోనే. మేమేదో తప్పు చేసితిమి, క్షమింపుడని గుండుగుత్తగా పలుకుట ఏ మతమునందును ప్రాయశ్చిత్తము కాదు. ఏమి చేసితిమి, ఎవరికి చేసితిమి, ఎందరికి చేసితిమి అని చెప్పగలిగినప్పుడే క్షమాపణకు అర్థము కలుగును. అది తెలియవలెనన్న విచారింపవలెను. ఆ విధముగ చూడ, విచారణ శిక్షకు పీఠిక కాదు, ప్రాయశ్చిత్తమునకు ప్రథమాంగము.

ఫ్రాన్సు ఈ మార్గమునకు క్రొత్తది కాదనుట సంతోషకరమైన విషయము. 2001 మే 21 నాటి తోబిరా చట్టము అట్లాంటిక్ మీదుగను హిందూమహాసముద్రమునందును జరిగిన బానిసవ్యాపారమును, బానిసత్వమును మానవజాతిపై నేరముగా అంగీకరించినది. ఆ నేరమునకు గురియైన ప్రజలలో ఆఫ్రికనులు, అమెరికా ఆదివాసులు, మడగాస్కరు వాసులతోపాటు భారతీయులను కూడ పేర్కొన్నది. రువాండా మారణహోమమున తన పాత్రను గూర్చి నియమించిన చరిత్రకారుల సంఘము 2021లో నివేదిక నిచ్చినది. కామెరూన్ విషయమున మరియొక సంఘము 2025లో ఇచ్చినది. ఆ సంవత్సరముననే హైతీతో కలిసి సంయుక్త సంఘము ఏర్పడునని ప్రకటన వెలువడినది. హైతీ అడిగినది, కామెరూన్ ప్రజలు అడిగిరి. చట్టములో భారతీయుల పేరు వ్రాయబడి ఇన్ని సంవత్సరములు గడచినను, ఆ వాక్యము వెనుక నున్న మనుష్యులెవరో తేల్చుమని మన ప్రభుత్వము అడుగవలసినంత గట్టిగా అడుగలేదు.

మారిషస్ మనకంటె ముందు నడచినది. అచ్చట 1871లోనే, అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ అను ఐరోపీయుడు పాతకూలీల పక్షమున తొమ్మిదివేలకు పైబడిన సంతకములతో అర్జీ సమర్పించి, యజమానుల ఆగ్రహమునకు గురియై, రాయల్ కమిషన్ నియామకమునకు కారకుడైనాడు. స్వతంత్రమైన ఆ దేశము 2009లో సత్యన్యాయ సంఘమును స్థాపించి, బానిసత్వమును కూలి ఒడంబడికలను కూడ కలిపి విచారింపజేసి, 2011లో నివేదికను స్వీకరించినది. సింహాద్రి అప్పన్నను నేటికిని కొలుచుచు, రామభజనములను నిలుపుకొన్న మారిషస్ తెలుగువారి పూర్వులు ఆ విచారణలో భాగమైరి. యానామునుండి రీయూనియన్ పోయిన తెలింగాలకు మాత్రము అట్టి విచారణ దక్కలేదు. గ్వాడెలూప్‌లో భారతీయ సంతతివారికి పౌరహక్కులకై 1904 నుండి 1923 వరకు న్యాయస్థానములలో ఒంటరిగా పోరాడిన హెన్రీ సిదంబరంకు తన పూర్వుల దేశముయొక్క ప్రభుత్వము తోడు నిలువలేదు; ఆనాడు అట్టి ప్రభుత్వమే లేదు. నేడు కలదు.

కావున అడుగవలసినది స్పష్టము. పుదుచ్చేరి శాసనసభ తీర్మానము చేసి, భారతప్రభుత్వము దానిని ఆధారముగ గొని, ఫ్రాన్సుతో కలిసి సంయుక్త విచారణ సంఘమును కోరవలెను. బానిసవ్యాపారముతోపాటు, తోబిరా చట్టము స్పృశింపని కూలి ఒడంబడికలును దాని పరిధిలో నుండవలెను. ఎక్స్-ఆన్-ప్రొవాన్స్‌లోని సముద్రాంతర పత్రభాండాగారమునందును, పుదుచ్చేరిలోని జాతీయ పత్రభాండాగార శాఖయందును, ఆ దీవులయందును చెదరియున్న ఓడపట్టీలను, కూలీల దాఖలాపుస్తకములను ఒకచోట చేర్చి, పేరు, ఊరు, వయసు, ఓడ, తోట, మరణము, ఇంతవరకు దొరకినదంతయు, తెలుగు తమిళములలో ప్రజలముందుంచవలెను. నిలిపివేయబడిన కూలి ఎంత, పొడిగింపబడిన గడువులెన్ని, ఇచ్చట లాభము పొందినవారెవరు అనునవి ఏ పక్షమును దాచక తేల్చవలెను.

రీయూనియన్ దీవిలోని భారతసంతతివారు సంవత్సరమున కొకమారు సంబ్లాని యను పేర పూర్వులకు ఆహారము నర్పింతురు. ఎవరికి అర్పించుచున్నారో ఆ మూలపురుషుని ఊరును ఇంటిపేరును పెక్కుమంది ఎరుగరు. మన తర్పణవిధిలో నామగోత్రములు చెప్పి నీరు విడుతుము. తీర్పవలసిన దేవఋణ ఋషిఋణములతోపాటు పితృఋణము ప్రతి మనుష్యునకు పుట్టుకతోనే కలదందుము. పితరుల పేరు తెలియనివాడు ఆ ఋణమును తీర్పజాలకపోవుట అతని లోపము కాదు. ఆ పేరును దాఖలాపుస్తకములలో బంధించి ఉంచుకొన్న ప్రభుత్వముల లోపము. ప్రజలు పితృఋణమును తీర్చుకొనుటకు అడ్డుపడుటకంటె గొప్ప అధర్మమును ఏ రాజ్యమును చేయలేదు. ఆ అడ్డు తొలగించుటకంటె సులభమైన ధర్మమును దానికి లేదు. ఫ్రాన్సు ధనము నిచ్చునా ఇయ్యదా అనునది రేపటి చర్చ. పేర్లను ఇమ్మని, జరిగినది చెప్పుమని, ఈ దినముననే భారతప్రభుత్వము అడుగవలెను. అడుగుమని పుదుచ్చేరి ప్రజలు, యానాము తెలుగువారు మొదలుగా, తమ ప్రభుత్వమును ఒత్తిడి చేయవలెను. అడుగనంతవరకు సాక్షికి చెందిన ఆ పాపపాదము మన పద్దుననే యుండును.